అక్క గొంతు, యంత్రం గొంతు, వేలి కొస

కన్యాశుల్కాన్ని నేను మూడు దారుల్లో చదివాను. మొదట అక్క గొంతులో. పాతికేళ్లకు పైగా గడిచాక కంప్యూటరు గొంతులో. ఆ తర్వాత వేళ్లతో, అదీ మొత్తం కాదు, మనసుపడ్డ కొన్ని రంగాలు. మూడుసార్లూ పుస్తకం ఒకటే, గురజాడ తిరగరాసి 1909లో వెలువరించిన రెండో కూర్పు. నాకు దక్కిన నాటకాలు మాత్రం మూడు. వీటిని పక్కపక్కన పెట్టి తూచడం నాకు కాలక్షేపం కాదు. చూపు పోయిన ఈ నలభై ఏళ్లలో ఏ పుస్తకం ఎవరి ద్వారా, ఏ రూపంలో నా దగ్గరికి వచ్చిందన్నదాన్ని బట్టే నా అభిరుచి, నా తీర్పులు, నా అక్షరదోషాలు కూడా ఏర్పడ్డాయి.

నాది పుట్టు గుడ్డితనం కాదు. రేచీకటితో మొదలైంది. ముందు సాయంత్రాలు సైకిలు తొక్కలేకపోయాను. తర్వాత సినిమాహాల్లో సీటు వెతుక్కోలేకపోయాను. ఇంటర్ రెండో ఏడు వచ్చేసరికి పుస్తకంలో వరస కనబడినా అక్షరం ఆనేది కాదు. అప్పటికి అక్క రాజమండ్రిలో డిగ్రీ చదువుతోంది. లైబ్రరీ నుంచి పుస్తకం తెచ్చి, మధ్యాహ్నం ఇల్లు సద్దుమణిగాక టేప్‌రికార్డరు ముందు కూర్చుని చదివేది. తొంభై నిమిషాల క్యాసెట్లు, వైపుకు నలభై అయిదు నిమిషాలు. టేపు అయిపోవచ్చిందని ముందుగా తెలిసేది కాదు. మాట సగంలో టక్కున ఆగిపోయేది, రెండో వైపు తిప్పితే మిగతా సగం వినిపించేది. కన్యాశుల్కానికి ఆరు క్యాసెట్లు పట్టాయి. ఆ విరుపులు ఎక్కడెక్కడ వచ్చాయో ఇప్పటికీ చెప్పగలను. నా మటుకు అవి ఆ నాటకంలో భాగాలే.

అక్క మంచి చదువరి. పాత్రల పేర్లు చదివేది కాదు, గొంతు మార్చేది. గిరీశానికి కాస్త ముక్కుతో, లుబ్ధావధాన్లకు వణుకుతో, మధురవాణికి తన మామూలు గొంతునే నిదానం చేసి. చివర్లో మధురవాణి మగవేషంలో సౌజన్యారావు పంతులు దగ్గరికి వచ్చినప్పుడు అదే గొంతును కొంచెం లావు చేసింది. ఆ ఒక్క మార్పుతో నాకు వేషమూ తెలిసింది, వేషంలో ఉన్న మనిషీ తెలిసింది. నా కంప్యూటరు ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆ పని చేయలేదు.

అయితే నవ్వు పుట్టించే మాట మీద అక్క కళ్లు ముందే పడేవి. పలక్కముందే నవ్వేసేది. నాకు ముందు నవ్వు వినిపించేది, తర్వాత మాట. గిరీశం మాట్లాడిన ప్రతిసారీ నేను నవ్వాను, నిజమే. అక్క నవ్విందని నవ్వాను. ఏది చమత్కారమో, ఏది మామూలు మాటో, ఎవరిమీద జాలిపడాలో అన్నీ నా దాకా రాకముందే తేలిపోయేవి. ఇలా రాస్తుంటే అక్కను తప్పుపడుతున్నట్టు ఉందేమో. ఆ ఆరు క్యాసెట్లు లేకపోతే నేను సాహిత్యం వైపు వచ్చేవాణ్నే కాదు. కానీ ప్రేమతో చదివి పెట్టిన పుస్తకంలో ఆ చదివిన మనిషి కూడా ఉంటుంది. పుస్తకమొక్కటే కావాలంటే ఆమెను పక్కకు తప్పుకోమనలేం.

తర్వాత స్క్రీన్ రీడర్ వచ్చింది. తెరమీది పాఠాన్ని మాటగా మార్చి వినిపించే ప్రోగ్రాం. ఇంగ్లీషులో ఈ పని చేసేవి ముందునుంచీ ఉన్నాయి, జాస్ 1989 నాటిది. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్, జేమ్స్ టే అనే ఇద్దరు యువకులు, ఇద్దరూ చూపులేనివాళ్లే, ఎన్‌వీడీఏను మొదలుపెట్టి ఎవరైనా ఉచితంగా వాడుకోమని ఇచ్చారు. దానితోపాటు ఈస్పీక్ అనే గొంతు వస్తుంది. తెలుగు కూడా చదువుతుంది. రేకు డబ్బాలోంచి మాట్లాడినట్టు ఉంటుంది. మొదటిసారి విన్నవాళ్లు దీంతో పుస్తకం ఎలా చదువుతావని అడుగుతారు. నాకూ మొదటి వారం తలనొప్పి. మూడో వారానికి గొంతు వినపడటం మానేసి పుస్తకం వినపడసాగింది.

ఆ గొంతులోనే కన్యాశుల్కం రెండోసారి చదివాను. గిరీశం బుచ్చమ్మకు చేసే ఉపదేశాలు అక్క గొంతులో నవ్వుల పంట. యంత్రం నవ్వలేదు. గిరీశానికి ముక్కుగొంతు పెట్టలేదు. అతని పేరూ ఆమె పేరూ ఒకే ఎత్తులో పలుకుతూ ఇద్దరి మాటలనూ ఒకే బరువుతో ముందుకు తోసింది. అప్పుడు, మొదటిసారి, ఆ పిల్లను తలచుకుని నాకు భయం వేసింది. లోకం తెలియని వితంతువు, మాటలు తప్ప మరేమీ చేతలేని ఒక మనిషి వలలో పడబోతోంది. అతను అబద్ధం ఎక్కడ మొదలుపెడుతున్నాడో, తన అబద్ధాన్ని తనే ఎక్కడ నమ్మడం మొదలుపెడుతున్నాడో ఆ చదును గొంతులో విడివిడిగా తెలిసింది. హాస్యం ఎక్కడికీ పోలేదు. దాని అడుగున ఉన్నది కూడా వినపడింది, అంతే. కొన్నిచోట్ల నేనే ముందు నవ్వాను. ఆ గదిలో నేను తప్ప ఎవరూ లేరు. నలభై దాటిన వయసులో, ఒక హాస్యపు మాటకు ఎవరి సాయమూ లేకుండా నవ్వడం ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది.

నా వాదం ఇక్కడే ఉంది. కళ్లతో చదివేవాళ్లు తమకు అచ్చు అక్షరం చేసే మేలును గమనించరు. అక్షరం ఏ భావమూ ప్రకటించదు. విషాదానికీ వెటకారానికీ ఒకే సిరా. ఏ మాటను ఏ స్వరంలో వినాలో పాఠకుడే తేల్చుకోవాలి, ఆ తేల్చుకోవడమే చదువు. మనిషి గొంతులో వచ్చిన పుస్తకంలో ఆ పని అప్పటికే అయిపోయి ఉంటుంది. భావం లేని యంత్రం గొంతు ఆ పనిని మళ్లీ నా చేతికి ఇస్తుంది. చాలామంది దాన్ని లోపమంటారు. నవలకూ నాటకానికీ వ్యాసానికీ సంబంధించినంత వరకు అది గుణమని నేనంటాను. నేను 'వింటున్నాను' అని మిత్రులు సరిదిద్దినప్పుడల్లా 'చదువుతున్నాను' అని పట్టుబట్టేది ఇందుకే. మన పురాణ కాలక్షేపాల్లో పద్యం చదివేవారు ఒకరు, అర్థం చెప్పేవారు మరొకరు ఉండే పద్ధతి ఒకటి ఉండేది. యంత్రం మొదటి మనిషి పని మాత్రం చేస్తుంది. రెండో పీట ఖాళీగా ఉంటుంది, అక్కడ నేను కూర్చుంటాను.

పాశ్చాత్య సాహిత్యంలో నాకు ఎప్పుడూ గుర్తొచ్చే ఇద్దరున్నారు. మిల్టన్‌కు చూపు పోయాక ఆయన కూతుళ్లు తమకు అర్థంకాని భాషల్లోని గ్రంథాలు ఉచ్చారణ మాత్రం నేర్చుకుని చదివిపెట్టారని ఆయన మేనల్లుడు ఎడ్వర్డ్ ఫిలిప్స్ రాశాడు. మూడు వందల ఏళ్ల తర్వాత బ్యూనస్ ఎయిర్స్‌లో, 1955లో జాతీయ గ్రంథాలయానికి అధిపతి అయ్యేనాటికి అక్షరం చదవలేని స్థితికి వచ్చిన బోర్హెస్‌కు తల్లి చదివేది, మిత్రులు చదివేవారు. పుస్తకాల దుకాణంలో పనిచేసే అల్బెర్తో మంగెల్ అనే కుర్రవాడు కూడా సాయంత్రాలు వెళ్లి చదివేవాడు. తర్వాత అతనే చదువు చరిత్ర రాసిన పెద్ద రచయిత అయ్యాడు. బోర్హెస్ పొందింది అక్కలాంటి చదువు, తెలిసినవాళ్ల చదువు, మధ్యలో ఆపి మాట్లాడుకోగల చదువు. మిల్టన్ పొందింది యంత్రం చదువు. అర్థంకాని శబ్దాన్ని గంటల తరబడి ఆ ఆడపిల్లలు నోటితో మోశారు. ఆ చదువు వాళ్లకు ఎంత విసుగో తలచుకుంటే ఆ మహాకవి మీద నాకున్న గౌరవం మధ్యలో తడబడుతుంది. నా యంత్రానికి విసుగు లేదు. అర్ధరాత్రి రెండింటికి ఒకే పేరాను ఏడుసార్లు చదివించుకున్నా ఎవరి నిద్రా పాడుకాదు. అక్కను ఒక పేరా మళ్లీ చదవమని అడగడానికి ఎంత సందేహించేవాణ్నో! తనకు కాలేజీ ఉండేది, వంటిల్లు ఉండేది, తర్వాత పెళ్లి కుదిరింది. చూపులేని చదువరికి ప్రతి పుస్తకం ఎవరికో రుణపడటమే అయ్యేది. ఆ రుణం మోయకుండా చదవగలగడం నా జీవితంలో ఎంత పెద్ద మార్పో మాటల్లో పెట్టడం కష్టం.

రెండోసారి చదువుతుంటే ఇంకొకటి బయటపడింది. సారా దుకాణం దగ్గర బైరాగి ఉండే రంగం వచ్చింది. ఇంకేదో పుస్తకంలోని పేజీలు ఈ ఫైలులో కలిసిపోయాయనుకున్నాను. వెనక్కి వెళ్లి, ముందుకు వెళ్లి చూశాను. కలవలేదు. అది నాటకంలోదే. అక్క చదవలేదు. నేనెరిగిన కన్యాశుల్కంలో పాతికేళ్లపాటు ఆ రంగం లేదు. పక్కగదిలో నాయనమ్మ పడుకుని ఉండేది, అక్కకు ఇరవై ఏళ్లు, తాగుబోతుల మాటలు గట్టిగా చదవడానికి ఇబ్బందిపడి దాటేసి ఉంటుంది. తప్పేమీ లేదు. కానీ ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఇంకా ఏయే పుస్తకాల్లో ఏమేం లేవో నాకు తెలియదు కదా. కళ్లున్నవాడు పేజీలు దాటేస్తే దాటేసినట్టు అతనికి తెలుస్తుంది.

ఇంతవరకు యంత్రం వైపే మాట్లాడాను. గిరీశం ఇంగ్లీషు దగ్గరికి వస్తే తక్కెడ అక్క వైపు మొగ్గుతుంది. గిరీశం ఇంగ్లీషు మాటలకు, అతను చదివే ఇంగ్లీషు పద్యానికి ప్రాణం అవి తెలుగు గొంతులోంచి రావడంలో ఉంది. నా దగ్గరున్న పాఠంలో ఆ ఇంగ్లీషు రోమను లిపిలో ఉంది. రోమను అక్షరం కనబడగానే ఈస్పీక్ ఇంగ్లీషు పద్ధతిలోకి మారిపోతుంది. విజయనగరం కుర్రవాడు మాట మధ్యలో సముద్రాలు దాటి వెళ్లి మళ్లీ వచ్చినట్టు ఉంటుంది. ఇంగ్లీషు నేర్చినవాడి దర్పం, ఆ దర్పానికి అతని శిష్యుడు వెంకటేశం నోరెళ్లబెట్టడం రెండూ చచ్చిపోతాయి. తెలుగు మీడియంలో చదువుకున్న అక్క పలికిన ఇంగ్లీషే అతనికి సరిపోయింది. తర్వాతి రోజుల్లో ఫోనులోని తెలుగు గొంతుతో అవే పేజీలు పెట్టి చూశాను. అది రోమను మాటల్ని కూడా మన యాసతోనే పలికింది, గిరీశం కొంత ఊపిరి పోసుకున్నాడు.

అలాగే చుక్కలు, చంద్రుడు. ఈ రెండు మాటల్లోని చకారం ఒకటి కాదని తెలుగువాడి నాలుకకు తెలుసు, నేటి లిపికి తెలియదు. అక్క చదివితే చుక్క దంత్యంగానూ చంద్రుడు తాలవ్యంగానూ వాటంతటవే వచ్చేవి. నా పాత యంత్రం రెంటినీ ఒకే సంచిలో వేస్తుంది. చిన్న విషయంలా కనబడుతుంది కానీ, వెయ్యి పేజీల నవలలో అదే పనిగా తగులుతుంటే పంటికింద రాయి. 1909ని పందొమ్మిది వందల తొమ్మిది అనకుండా వెయ్యి తొమ్మిది వందల తొమ్మిది అని డబ్బు లెక్కపెట్టినట్టు చదువుతుంది. వీటికి అలవాటుపడ్డాను. ఒత్తుల విషయంలో మాత్రం యంత్రానిదే పైచేయి. భాషను 'బాష' అనకుండా, బాధను 'బాద' అనకుండా రాసింది రాసినట్టు పలుకుతుంది. స్వచ్ఛందంగా పుస్తకాలు రికార్డు చేసిపెట్టే పెద్దమనసున్నవాళ్లలో చాలామంది నోట ఆ మహాప్రాణాలు ఉండవు.

మాండలికం దగ్గర ఈ తేడా ఇంకా ఆసక్తికరం. రావిశాస్త్రి ఆరుసారా కథలను ఒకసారి హైదరాబాదు గొంతులో విన్నాను. చదివినవారికి విశాఖ మాట తెలియదు. సగంచోట్ల దాన్ని పుస్తకభాషకు సరిదిద్దారు, మిగతా సగం సినిమాల్లో పల్లెటూరివాణ్ని ఆడించినట్టు ఆడించారు. మొదటిది చెరిపేయడం, రెండోది ఎగతాళి. రెండింట్లోనూ రచయితకు అన్యాయం జరిగింది. అవే కథలు యంత్రంతో చదివాను. తెలుగు లిపి పలికింది రాసే లిపి. రావిశాస్త్రి ఒక మనిషి నోటిమాటను ఎలా విని ఎలా రాశారో అలాగే, ఒక్క అక్షరం దిద్దకుండా, యంత్రం పలికింది. యాసలోని రాగం రాలేదు. ఆ రాగం నేను ఎరుగుదును, ఉత్తరాంధ్ర బంధువులున్నవాణ్ని, నేనే వేసుకున్నాను. నామిని చిత్తూరు మాటకు వచ్చేసరికి ఆ రాగం నా చెవిలో లేదు. యంత్రం ఇచ్చిన అక్షరాలు సరిగ్గానే ఉన్నా పుస్తకం సగమే తెరుచుకుంది. అక్కడ నాకు ఆ సీమ మనిషి గొంతు కావాలి. యంత్రం చదును గొంతు మేలు చేయాలంటే పాఠకుడి చెవిలో ముందే కొంత సరుకు ఉండాలన్నమాట.

పద్యం సంగతి వేరు. భాగవతం అంతా ఇప్పుడు యూనికోడ్‌లో దొరుకుతుంది, గజేంద్రమోక్షాన్ని స్క్రీన్ రీడర్‌తో పెట్టి చూశాను. మన వృత్తాల్లో పాదం చివర మాట పూర్తికావాలనే నియమం లేదు. మాట ఒక పాదంలో మొదలై రెండో పాదంలోకి పారుతుంది. యంత్రానికి వరస ముగియడం ఆగడానికి గుర్తు. మాటను నడిమికి నరికి, ఊపిరి పీల్చి, మిగతా ముక్కను కొత్త మాటలా అందుకుంటుంది. సమాసాలైతే చెప్పనక్కర్లేదు. రాగం తీసి పాడేవాళ్లు కూడా నాకు పూర్తిగా సాయపడరు, రాగం పెద్దదై అర్థం అందులో మునిగిపోతుంది. నాయనమ్మ పద్యం చదివితే పాడినట్టూ ఉండేది కాదు, మాట్లాడినట్టూ ఉండేది కాదు. మాట ఎక్కడ విరగాలో అక్కడ విరిగేది, యతి ఎక్కడ పడాలో అక్కడ చిన్న నొక్కు వినపడేది. పద్యానికి అలాంటి మనిషే కావాలి. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు.

అసలు ఇవన్నీ పోల్చుకునే భాగ్యం కలగాలంటే ముందు పుస్తకం యంత్రానికి అర్థమయ్యే అక్షరాల్లో ఉండాలి. తెలుగు చదువరిగా నా పెద్ద బాధ ఇది. యూనికోడ్ మొదటి కూర్పులోనే, 1991లో, తెలుగుకు చోటు దొరికింది. మన ప్రచురణ రంగంలో మాత్రం యూనికోడ్‌కు ముందునాటి డీటీపీ ఫాంట్లు ఇంకా నడుస్తున్నాయి. వాటిలో తెరమీద కనబడేది తెలుగు బొమ్మ, లోపల ఉన్నది రోమను అక్షరాలూ విరామచిహ్నాలూ. ఒక ప్రచురణకర్త దయతో తన నవల ఫైలు పంపాడు. తెరిచాను. బ్రాకెట్, డాలర్, స్టార్, కేపిటల్ క్యూ అంటూ పేజీలకు పేజీలు చదివింది. ఆయన ఎంతో ఆదరంతో పంపిన పుస్తకం నాకు తాళం వేసిన పెట్టె. అలాంటి ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చే ప్రోగ్రాంలు ఉన్నాయి, కానీ మార్చాక ఒత్తులు చెదిరిపోతాయి, వాటిని సరిదిద్దడానికి మళ్లీ కళ్లున్న మనిషి కావాలి.

పాత పుస్తకాలది ఇంకో అవస్థ. స్కాన్ చేసి పెట్టిన పేజీ యంత్రం దృష్టిలో ఫొటో. దాన్ని ఓసీఆర్‌తో అక్షరాలుగా మార్చుకోవాలి. అచ్చు బాగుంటే ఇప్పుడు తెలుగు ఓసీఆర్ మెచ్చుకోదగ్గట్టు పనిచేస్తుంది. అచ్చు మాసిపోతే ప వచ్చి వ అవుతుంది, థ పొట్టలో చుక్క పోయి ధ అవుతుంది, కింద ఉండాల్సిన ఒత్తు పక్క వరసలోకి జారుతుంది. 'వని' అని వినపడితే పని అనుకోవాలో వనమనుకోవాలో వాక్యమంతా విన్నాక నిర్ణయించుకుంటాను. ప్రతి పేజీ నెత్తిన ఉండే పుస్తకం పేరు, పేజీ అంకె కథలోకి చొరబడతాయి. ఒక నవలలో తల్లి కొడుకు చేయి పట్టుకుని చివరి మాట చెప్పబోతుండగా నవల పేరు, రచయిత పేరు, 214 అని వినిపించింది. చివరి మాట ఆ తర్వాత వచ్చింది. కళ్లతో చదివేవాళ్ల చూపు ఆ పంక్తిని తెలియకుండానే దాటేస్తుంది, చెవికి ఆ వెసులుబాటు లేదు.

చట్టం మా వైపే ఉంది. కాపీరైటు చట్టానికి 2012లో చేసిన సవరణ మాలాంటివాళ్లకు చదువుకోగల రూపంలో పుస్తకాన్ని తయారుచేసుకునే హక్కు ఇచ్చింది. 2013లో మరకేష్‌లో కుదిరిన ఒప్పందాన్ని ప్రపంచంలో అందరికంటే ముందు, 2014లో, ధ్రువీకరించింది భారతదేశమే. దాంతో అంగవైకల్యం ఉన్న పాఠకుల కోసం తయారైన పుస్తకాలు ఒక దేశం నుంచి మరో దేశానికి వెళ్లే దారి ఏర్పడింది. 2016లో సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం మొదలైంది, దేశంలోని వేర్వేరు సంస్థలు తయారుచేసుకున్న పుస్తకాలు ఒకచోటికి వచ్చాయి. అమెరికాలో అచ్చయిన ఇంగ్లీషు నవలను వెలువడిన వారంలో చదవగలుగుతున్నాను. నాలుగు వీధుల అవతల అచ్చయిన తెలుగు కథాసంపుటిని ఏడాదికి కూడా చదవలేకపోతున్నాను. హక్కు ఉన్నా పాఠం లేదు. ప్రతి తెలుగు ప్రచురణకర్తా ఒక్క యూనికోడ్ ఫైలు దాచి ఉంచితే చాలు, ఇంకే ఖర్చూ అక్కర్లేదని అడిగినచోటా అడగనిచోటా చెబుతూనే ఉన్నాను.

ఇక వేళ్ల చదువు. బ్రెయిలీ నేను ఆలస్యంగా, ముప్ఫై దాటాక నేర్చుకున్నాను. పలకలో దళసరి కాగితం బిగించి, స్టైలస్‌తో కుడి నుంచి ఎడమకు గుచ్చుకుంటూ పోవాలి. కాగితం తిప్పితే ఉబికిన చుక్కలు ఎడమ నుంచి కుడికి చదువుకోవడానికి వస్తాయి. లూయీ బ్రెయిల్ 1829లో ప్రకటించిన పద్ధతిలో ఒక గడికి ఆరు చుక్కలు, వాటితో 63 రూపాలు. మన భాషలన్నిటికీ ఉమ్మడిగా పనికివచ్చే భారతి బ్రెయిలీ 1951లో స్థిరపడింది. తెలుగు అచ్చు నేర్చినవాడికి అందులో మొదట వింతగా తోచేది అక్షరం విచ్చుకుపోవడం. గుణింతాలు లేవు, అచ్చు హల్లు తర్వాత విడిగా నిలబడుతుంది. ఒత్తు కిందికి దిగదు, పొల్లు గుర్తు హల్లుకు ముందే వచ్చి కూర్చుంటుంది. కన్యాశుల్కం అన్న మాట అచ్చులో నాలుగు అక్షరాలు, బ్రెయిలీలో పదకొండు గడులు. అందుకే తెలుగు బ్రెయిలీ పుస్తకం అంత లావు. నాటకమంతా కాగితం మీద చేయించుకుంటే ఎన్ని సంపుటాలవుతుందో, ఇంట్లో ఎక్కడ పెట్టాలో అని ఆ ఆలోచన మానుకున్నాను.

చివరికి ఇరవై గడుల బ్రెయిలీ డిస్‌ప్లే ఒకటి కొనుక్కున్నాను. కంప్యూటరులోని పాఠం మీటల్లాంటి చుక్కలుగా పైకి లేస్తుంది, చదివాక మీట నొక్కితే తర్వాతి ఇరవై గడులు. కన్యాశుల్కం పేరే సగానికి పైగా ఆక్రమించే పరికరంలో ఒక రంగం చదవడానికి నాకు నాలుగు సాయంత్రాలు పట్టింది. మధురవాణి, సౌజన్యారావు పంతుల సంభాషణ చదివాను. అక్కడ ఏ గొంతూ లేదు. మధురవాణి ఒక ప్రశ్న వేశాక నా వేలు ఆ గడి మీదే ఆగింది. యంత్రమైతే పంతులు జవాబు అప్పటికే చెప్పేసేది. అక్క అయితే తన ఊపిరి ఎంతసేపు ఆగితే అంతసేపు ఆగేది. ఇక్కడ నేను మీట నొక్కేదాకా ఆయన నోరు విప్పడు. ఆ రంగంలో ఇద్దరి మధ్యా ఉన్న నిశ్శబ్దాలు ఎంత పొడవైనవో, ఆ పెద్దమనిషి పట్టుదల ఎక్కడ సడలుతుందో నా వేలి కింద తెలిసింది. పదిహేడేళ్ల వయసులో పోయిన చదువు, ముందుకు పోనివ్వకుండా మాట మీద చూపు నిలిపే ఆ చదువు, ఆ నాలుగు సాయంత్రాలు తిరిగి వచ్చింది.

బ్రెయిలీ నాకు మరో సంగతి కూడా చూపించింది, అది కొంచెం బాధపెట్టింది. చూపు పోయాక చెవితో నేర్చిన మాటలను నేను తప్పుగా రాస్తున్నాను. సంశ్లేషణ అన్న మాటను ఏళ్ల తరబడి శ, ష తారుమారు చేసి టైపు చేశాను. చెవికి ఆ రెండూ దాదాపు ఒకటే. వేలికి కాదు. శకారంలో మూడు చుక్కలు, షకారంలో అయిదు. ల, ళలు కూడా అంతే, ముట్టుకుంటే అవి వేర్వేరు గుర్తులు. ఇప్పుడు చూపులేని పిల్లలకు ఫోను ఉంది కదా, బ్రెయిలీ ఎందుకనే మాట తరచు వింటున్నాను, ఉపాధ్యాయుల నోట కూడా. కళ్లున్న పిల్లలకు ఆడియోపుస్తకాలు ఉన్నాయి కదా, అక్షరాలు ఎందుకని ఎవరూ అడగరు. గొంతు ఎంత మంచిదైనా అది వాక్యాన్ని ఇస్తుంది, అక్షరాన్ని ఇవ్వదు. అక్షరం తెలియకుండా పెరిగినవాడు పాఠకుడు కావచ్చేమో కానీ రాయాలనుకున్నప్పుడు ఆగిపోతాడు. పద్యం కూడా వేళ్లకు బాగా అందింది. ఉత్పలమాలలో పదో అక్షరం, చంపకమాలలో పదకొండో అక్షరం దగ్గర యతిని లెక్కపెట్టుకుని పట్టుకోవచ్చు. నాలుగు పాదాల మొదళ్లను మార్చి మార్చి తడిమి ప్రాసను నిర్ధారించుకోవచ్చు. గుణింతం విడిపోయి గడులు జరిగిపోవడం వల్ల ప్రాసలు ఒకదాని కింద ఒకటి నిలువుగా రావు, వెతుక్కోవాలి. ఆ వెతుకులాట నాకు ఇష్టం.

ఇప్పుడు కొత్త గొంతులు వస్తున్నాయి. ఊపిరి తీస్తున్నట్టు వినిపిస్తాయి, ప్రశ్న దగ్గర స్వరం లేపుతాయి, విషాదం అనుకున్నచోట మెత్తబడతాయి. వార్తలకూ ఉత్తరాలకూ ఎంతో హాయి. కానీ నవల చదివేటప్పుడు నేను మళ్లీ ఆ రేకుడబ్బా గొంతుకే వెళ్లిపోతాను. కొత్త గొంతు అక్కలా భావం పెడుతోంది, కానీ అక్కకు తెలిసినట్టు కథ దానికి తెలియదు. వాక్యం ఒక్కటే చూసి బాధపడాలో వద్దో నిర్ణయిస్తోంది. అక్క పెట్టిన భావంతో నేను పోట్లాడగలిగేవాణ్ని, 'అక్కా, అక్కడ ఎందుకలా చదివావు' అని అడిగితే తను ఏదో ఒక కారణం చెప్పేది.

అక్కకు ఇప్పుడు అరవై దాటాయి. షుగరు వల్ల కంటి వెనక పొర దెబ్బతింది, పెద్దక్షరాలు కూడా అలుక్కుపోతున్నాయి. పోయిన సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు ఫోనులో గొంతు పెట్టడం నేర్పమని అడిగింది. ఏ పుస్తకంతో మొదలుపెడదామంటే కన్యాశుల్కమే అంది. అరుగు మీద కూర్చున్నాం. గొంతు వేగం బాగా తగ్గించాను. గిరీశం మాట్లాడబోతుంటే, యంత్రం ఆ మాట పలక్కముందే, తను నవ్వేసింది. సాయంత్రం దాకా విన్నాం. ఎండ తగ్గాక సారా దుకాణం రంగం వచ్చింది. తనకు ఇబ్బందేమోనని తర్వాతి రంగానికి జరపబోయాను. అక్క నా చేయి పట్టుకుంది.

"ఆపకురా. ఇది నేనూ ఎప్పుడూ చదవలేదు."